కొలవకుండా ‘ఇంజిన్ పోయింది’ అనకండి

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచెత్తినప్పుడు మా బావమరిది డీజిల్ కారు వీధిలోనే ఉండిపోయింది. అది షికార్లకు కొనుక్కున్న కారు కాదు. ట్యాక్సీగా తిప్పి ఇల్లు నడుపుకొనే బండి. దాని మీద అప్పు వాయిదాలు ఇంకా మిగిలే ఉన్నాయి. నీళ్లు బానెట్ దాకా వచ్చి, కొన్ని రోజులకు తీశాయి. బురద కడిగిన మర్నాడు అతను ఆత్రం పట్టలేక వేరే బ్యాటరీ తగిలించి తాళం తిప్పాడు. ఇంజిన్ అర చుట్టు కూడా తిరగకుండానే ‘టక్’మని ఆగిపోయింది.

ఆ తర్వాత రెండు చోట్ల రెండు మాటలు విన్నాడు. ఒక సర్వీస్ సెంటర్‌లో బండిని చూసి, “ఇంజిన్ పోయింది, కొత్తది వేయాలి” అన్నారు. ఒక గ్యారేజీలో, “ఇంజిన్ పోయింది, రెండు రోజుల్లో సెకండ్ హ్యాండ్ ఇంజిన్ ఎక్కించేస్తాం” అన్నారు. మందు వేరైనా జబ్బు పేరు మాత్రం ఇద్దరూ ఒకటే చెప్పారు. అతను నాకు ఫోన్ చేసి, “ఏం చేయమంటావు బావా?” అని అడిగాడు. నేను పాలిటెక్నిక్‌లో చాలా ఏళ్లు మెకానికల్ పాఠాలు చెప్పినవాణ్ణి. అందుకే నాకు ఒకటే ప్రశ్న తోచింది: “వాళ్లు ఏం కొలిచారు?”

ఎవరూ ఏమీ కొలవలేదు. ఇంజిన్ తెరవలేదు. కనీసం చేత్తో తిప్పి చూడలేదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది అదే. దెబ్బతిన్న డీజిల్ ఇంజిన్‌ను బాగుచేయించాలా, మార్చాలా అన్నది మొదట డబ్బు ప్రశ్న కాదు, కొలత ప్రశ్న. ఏ భాగం ఎంత దెబ్బతిన్నదో, ఎందుకు దెబ్బతిన్నదో తెలిసిన తర్వాతే ధర గురించి మాట్లాడాలి. మన దగ్గర ఈ వరుస తలకిందులుగా నడుస్తోంది. ధర ముందు, కారణం తర్వాత, కొలత చివర. చాలాసార్లు కొలత అసలు ఉండదు. దానివల్ల బతికించదగిన ఇంజిన్లు తుక్కులోకి పోతున్నాయి. బతకని ఇంజిన్లపై అప్పు చేసి తెచ్చిన డబ్బు పోస్తున్నారు.

నాలుగు చెంచాల నీళ్లు

వరద నీరు డీజిల్ ఇంజిన్‌ను ఎలా దెబ్బతీస్తుందో చూస్తే కొలత విలువ అర్థమవుతుంది. పెట్రోలు ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ నిప్పు పెడుతుంది. డీజిల్ ఇంజిన్‌లో అది ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది, ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. సుమారు 1250 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్‌ను తీసుకుందాం. ఒక్కో సిలిండర్‌లో పిస్టన్ ఊడ్చే ఘనపరిమాణం దాదాపు 312 ఘన సెంటీమీటర్లు. సంపీడన నిష్పత్తి 17 అనుకుంటే, పిస్టన్ పైకొసకు చేరినప్పుడు దాని పైన మిగిలే ఖాళీ పంతొమ్మిదిన్నర ఘన సెంటీమీటర్లే. అంత ఇరుకులోకి నొక్కుకుపోయిన గాలి ఉష్ణోగ్రత 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది.

ఇప్పుడు ఆ సిలిండర్‌లోకి నీళ్లు చేరాయనుకోండి. గాలిలా నీరు నలగదు. పంతొమ్మిదిన్నర ఘన సెంటీమీటర్లంటే నాలుగు టీ చెంచాల నీళ్లు. అంతకు మించి ఉంటే పిస్టన్ పైకొసకు చేరలేదు. కానీ క్రాంక్ షాఫ్ట్ దాన్ని పైకి తోస్తూనే ఉంటుంది. ఈ రెంటి మధ్య నలిగేది కనెక్టింగ్ రాడ్. అది వంగుతుంది, లేదా విరుగుతుంది. దీన్నే హైడ్రోలాక్ అంటారు. అందుకే మునిగిన బండికి తాళం తిప్పవద్దని చెబుతారు. బ్యాటరీ తీసేసి, ఇంజెక్టర్లో గ్లో ప్లగ్గులో విప్పి, చేత్తో నెమ్మదిగా తిప్పి నీళ్లు బయటికి పోనివ్వాలి. ఆయిల్, ఫిల్టర్లు, గాలి గొట్టాలు శుభ్రం చేశాకే స్టార్ట్ చేయాలి.

రాడ్ కొద్దిగా వంగినా ఇంజిన్ తిరగవచ్చు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. రాడ్ వంగి ఒకటిన్నర మిల్లీమీటర్లు పొట్టిదైందనుకుందాం. 70 మిల్లీమీటర్ల వ్యాసమున్న పిస్టన్ అంత కిందనే ఆగితే పైన ఖాళీ మరో 5.8 ఘన సెంటీమీటర్లు పెరుగుతుంది. సంపీడన నిష్పత్తి 17 నుంచి దాదాపు 13కు పడిపోతుంది. పొద్దున్నే స్టార్ట్ అవడానికి మొరాయిస్తుంది, తెల్లటి పొగ వస్తుంది, ఒక సిలిండర్ సరిగా మండక బండి వణుకుతుంది. “వరదలో తడిసింది కదా, నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటుంది” అనుకొని నడిపేవాళ్లు ఉన్నారు. అది సర్దుకోదు. లోడు మీద మండుతున్నప్పుడు నేటి డీజిల్ ఇంజిన్ సిలిండర్‌లో 150 బార్ పీడనం మామూలు. మనం చెప్పుకున్న పిస్టన్ మీద అది ఐదున్నర టన్నులకు మించిన బరువు. వంగిన రాడ్ ఆ బరువును ఎన్నాళ్లో మోయలేదు. ఒకరోజు హైవే మీద విరిగి, బ్లాకును పగలగొట్టుకొని బయటికి వస్తుంది. చిన్న మరమ్మతుతో పోయేది అప్పుడు పూర్తి ఇంజిన్ ఖర్చు అవుతుంది.

చెవి చెప్పేది వేరు, మైక్రోమీటర్ చెప్పేది వేరు

మన మెకానిక్కుల నైపుణ్యాన్ని నేను తక్కువ చేయను. చప్పుడు విని ఏ సిలిండర్‌లో తేడా ఉందో చెప్పగలిగే మేస్త్రీలను విజయవాడ ఆటోనగర్‌లో చూశాను. కానీ చెవి ‘ఎక్కడ’ అన్నది చెబుతుంది. ‘ఎంత’ అన్నది చెప్పదు. బాగుచేయాలా, మార్చాలా అన్న తీర్పు నిలబడేది ఆ ‘ఎంత’ మీదే. ఇంజిన్ లోపల పనిచేసే ఖాళీలు వెంట్రుక మందంతో పోల్చదగినవి. క్రాంక్ షాఫ్ట్‌కూ బేరింగుకూ మధ్య ఆయిల్ నిలిచే సందు సాధారణంగా మిల్లీమీటరులో వందో వంతుల లెక్కల్లో ఉంటుంది. ఆ సందు రెట్టింపైతే ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది. కంటికి మాత్రం తేడా కనబడదు.

కొలవాలంటే ముందే అంతా విప్పదీయాలని భయపడనక్కరలేదు. వైద్యుడు కత్తి పట్టేముందు రక్త పరీక్ష చేయించినట్టే ఇక్కడా మెట్లున్నాయి. డిప్ స్టిక్ తీసి చూస్తే పాలు కలిపిన టీ రంగు కనబడితే ఆయిల్‌లో నీళ్లు కలిశాయని అర్థం. ఆయిల్ ఫిల్టర్ కోసి చూస్తే మెరిసే లోహపు పొడి దొరకవచ్చు. బేరింగులు అరుగుతున్నాయనడానికి అది సాక్ష్యం. నీళ్లు పూర్తిగా పోయాక గ్లో ప్లగ్ రంధ్రం నుంచి కంప్రెషన్ గేజి పెట్టి ఒక్కో సిలిండర్ పీడనం రాసుకోవచ్చు. నాలుగు అంకెలూ దగ్గరదగ్గరగా ఉన్నాయా, ఒకటి మాత్రం బాగా దిగిపోయిందా అన్నది ముఖ్యం. లీక్ డౌన్ పరీక్షలో సిలిండర్‌లోకి గాలి ఎక్కించి, అది ఎటు కారుతున్నదో వింటారు. సైలెన్సర్ వైపా, గాలి గొట్టం వైపా, ఆయిల్ పోసే మూత దగ్గరా, రేడియేటర్‌లో బుడగలుగానా? దాన్నిబట్టి వాల్వులా, రింగులా, హెడ్ గ్యాస్కెట్టా తెలుస్తుంది. అదే రంధ్రంలోంచి సన్నని ఎండోస్కోప్ కెమెరా దింపితే సిలిండర్ గోడ మీది గీతలు కనిపిస్తాయి.

ఈ పరీక్షలు అనుమానం చూపిస్తేనే హెడ్ విప్పాలి. విప్పాక అంకెలు రాయాలి. ఒక్కో పిస్టన్ పైకొసకు వచ్చినప్పుడు బ్లాకు ఉపరితలంతో పోలిస్తే ఎంత ఎత్తులో ఉందో డయల్ గేజి చెబుతుంది. వంగిన రాడ్ అక్కడే దొరికిపోతుంది. సిలిండర్ బోరును పైన, మధ్యలో, కింద, రెండేసి దిక్కుల్లో కొలవాలి. అరుగుదల ఒకవైపే ఉంటే బోరు కోలగా మారుతుంది. పైన మాత్రమే ఉంటే గరాటులా తయారవుతుంది. క్రాంక్ జర్నళ్లను మైక్రోమీటరుతో కొలవాలి. హెడ్ చదునుగా ఉందో లేదో స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజి పెట్టి చూడాలి. సన్నని పగుళ్లకు రంగు ద్రవం పూసి, తుడిచి, తెల్లపొడి చల్లితే పగులు గీతలా తేలుతుంది. వీటిలో ఏదీ అంతరిక్ష పరిజ్ఞానం కాదు. మన ఐటీఐల్లో డీజిల్ మెకానిక్ కోర్సు చదివే పిల్లలకు మైక్రోమీటరు, బోర్ గేజి పట్టుకోవడం నేర్పుతూనే ఉన్నారు. నేర్చుకున్నది గ్యారేజీలో అడిగేవాళ్లు లేక తుప్పు పడుతోంది.

కారణం దొరక్కపోతే కొత్త ఇంజిన్ కూడా పాతదే

కొత్త ఇంజిన్ వేస్తే గ్యారంటీ ఉంటుంది కదా, ఈ కొలతల గొడవ ఎందుకు అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఇంజిన్ దానంతట అది చావదు, దాన్ని ఏదో చంపుతుంది. ఆ చంపినది ఇంజిన్ బయట ఉండిపోతే కొత్తదాన్నీ చంపుతుంది.

ఒక పిస్టన్ తల కరిగి రంధ్రం పడిందనుకోండి. కామన్ రైల్ డీజిల్ ఇంజిన్‌లో ఇంజెక్టర్లు వెయ్యి బార్లకు బాగా మించిన పీడనంతో ఇంధనాన్ని సన్నని తుంపరగా చిమ్ముతాయి. ఒక ఇంజెక్టర్ తుంపరకు బదులు ధారగా కారితే ఆ మంట పిస్టన్ మీదే నిలిచి అల్యూమినియాన్ని తినేస్తుంది. పిస్టన్ మార్చి, లేదా ఇంజినే మార్చి, పాత ఇంజెక్టర్లను పరీక్షించకుండా బిగిస్తే అదే రంధ్రం మళ్లీ పడుతుంది. టర్బో రెక్కలు విరిగి ఇంజిన్‌లోకి పోయాయనుకోండి. ఇంటర్ కూలర్‌లో, గాలి గొట్టాల్లో మిగిలిన లోహపు ముక్కలు కొత్త సిలిండర్ల కోసం కాచుకొని ఉంటాయి. రేడియేటర్ పూడిపోయి ఇంజిన్ వేడెక్కి హెడ్ వంగిందనుకోండి. చాలా ఇంజిన్లలో హెడ్ అల్యూమినియం, బ్లాకు పోత ఇనుము. ఒకే వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. బోల్టులు దాన్ని పట్టి ఉంచుతాయి కాబట్టి వేడి హద్దు మీరితే హెడ్ వంగడమో పగలడమో తప్పదు. హెడ్ చదును చేయించి పూడిపోయిన రేడియేటరే మళ్లీ పెడితే ఆరు నెలలకు కథ మొదటికొస్తుంది.

ఆయిల్ సరిగా అందక బేరింగులు పట్టేసిన ఇంజిన్‌లోనూ అంతే. ఆయిల్ పంపు అరిగిందా, సంపులో ఆయిల్ పీల్చే జల్లెడ బురదతో మూసుకుపోయిందా, మార్చాల్సిన కిలోమీటర్లు దాటాక కూడా అదే ఆయిల్‌తో తిప్పారా? ఈ చివరి ప్రశ్నకు జవాబు మెకానిక్ దగ్గర కాదు, యజమాని దగ్గరే ఉంటుంది. దాన్ని ఒప్పుకోవడం కష్టమే. ఒప్పుకోకపోతే ఖర్చు రెండోసారి వస్తుంది.

మార్చడమే మేలైనప్పుడు

నేను మరమ్మతుకే ఓటు వేసేవాణ్ణనుకోవద్దు. మా బావమరిది వీధిలోనే మరో డీజిల్ బండి ఉంది. వరద తర్వాత ఏదో విధంగా స్టార్ట్ అయితే దాన్ని వారాల తరబడి తిప్పారు. ఒకరోజు రాడ్ విరిగి బ్లాకుకు పిడికిలి పట్టేంత కన్నం పెట్టింది. ఆ ఇంజిన్‌కు మరమ్మతు చేయించమని చెప్పేవాడు శ్రేయోభిలాషి కాడు. బ్లాకు పగిలినా, క్రాంక్ కూర్చునే మెయిన్ బేరింగు గూళ్లు చెదిరినా దాన్ని వదిలేయడమే మంచిది. అతుకు పెట్టిన బ్లాకు టన్నుల బరువు దెబ్బలను నిమిషానికి వేలసార్లు తట్టుకోవాలి. దానికి హామీ ఎవరూ ఇవ్వలేరు.

రెండో సందర్భం: కొలత హద్దు దాటి, తయారీ సంస్థ తర్వాతి సైజు ఇవ్వనప్పుడు. పాతకాలం ఇంజిన్లు ‘బోరుకొస్తే’ పావు మిల్లీమీటరో అర మిల్లీమీటరో బోరు పెంచి, ఓవర్ సైజు పిస్టన్లు వేసేవాళ్లం. క్రాంక్‌ను అంతే మేర గ్రైండ్ చేసి అండర్ సైజు బేరింగులు వేసేవాళ్లం. కొత్త ఇంజిన్లలో కొన్నిటికి ఈ వెసులుబాటు లేదు. క్రాంక్ ఉపరితలాన్ని పలుచని పొర మేర గట్టిపరుస్తారు. గ్రైండ్ చేస్తే ఆ పొర పోతుంది. కంపెనీ పుస్తకం వద్దన్నచోట, “మనం చేసేద్దాం లెండి” అనే ధైర్యానికి ఖరీదు కట్టేది యజమానే. మూడో సందర్భం: బ్లాకు, క్రాంక్, హెడ్ మూడూ ఒకేసారి పోయినప్పుడు. అప్పుడు మిగిలేది నేమ్ ప్లేటు మాత్రమే. దాని కోసం మరమ్మతు అక్కరలేదు.

సెకండ్ హ్యాండ్ ఇంజిన్ ఒక మూసిన పెట్టె

మధ్యేమార్గంగా చాలామంది ఎంచుకునేది ప్రమాదంలో నుజ్జయిన బండి నుంచి తీసిన ఇంజిన్. తప్పేమీ కాదు. ముందు భాగం బాగా ఉండి వెనక నుజ్జయిన కారు ఇంజిన్ ఎంతో ఆరోగ్యంగా ఉండవచ్చు. కానీ దాని చరిత్ర మనకు తెలియదు. అది కూడా ఇంకో వరదలో మునిగినదే కావచ్చు. మన ఇంజిన్‌ను కొలవకుండా వదిలేసి, ఇంకొకరి ఇంజిన్‌ను కొలవకుండా కొనడం ఒకే తప్పును రెండుసార్లు చేయడమే. కంప్రెషన్ అంకెలు చూడకుండా, ఎండోస్కోప్ దింపకుండా, ఆయిల్ సంపు విప్పి చూడకుండా ఆ పెట్టెకు డబ్బివ్వకూడదు.

చట్టం సంగతీ ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఇంజిన్ మార్చితే రవాణా అధికారుల ఆమోదం పొంది, ఆ మార్పును ఆర్‌సీలో నమోదు చేయించుకోవాలి. ఆర్‌సీలో ఒక ఇంజిన్ నంబరు, బండిలో ఇంకొకటి ఉంటే అమ్మేటప్పుడు, ఫిట్‌నెస్‌కు వెళ్లినప్పుడు, బీమా క్లెయిము దగ్గర చిక్కు తప్పదు. కాగితాలు లేని ఇంజిన్ దొంగ బండిదైతే చిక్కు పోలీసు స్టేషన్ దాకా వెళుతుంది. అందుకే ఇంజిన్ ఏ బండి నుంచి వచ్చిందో చూపే బిల్లు, ఆ బండి రద్దయిన కాగితం అడిగి తీసుకోవాలి.

కాలుష్యం మాట కూడా మరువకూడదు. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్-4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. ఒక తరం బండిలో అంతకుముందు తరం ఇంజిన్ ఇరికిస్తే దాని సెన్సర్లు, కంప్యూటర్ ఒక భాష మాట్లాడితే ఇంజిన్ ఇంకో భాష మాట్లాడుతుంది. బీఎస్-6 డీజిల్ కారులో పొగమసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆయిల్ తాగే ఇంజిన్‌ను దానికి తగిలిస్తే ఆయిల్ బూడిద ఆ ఫిల్టర్‌ను పూడ్చేస్తుంది. అప్పుడు ఇంజిన్ ఖర్చుకు ఫిల్టర్ ఖర్చు తోడవుతుంది.

ఇప్పుడు డబ్బు లెక్క

కొలతలు, కారణం చేతిలో ఉన్నాక ధర గురించి మాట్లాడవచ్చు. అప్పుడు కూడా మొత్తం బిల్లును కాదు, నెలకు ఎంత పడుతుందో పోల్చాలి. ఉదాహరణకు కొన్ని అంకెలు అనుకుందాం. ఇవి ధరల పట్టిక కాదు, లెక్క చేసే పద్ధతి మాత్రమే. కొలిచి చేసిన మరమ్మతుకు 90 వేలు, నాలుగేళ్లు నడుస్తుందని అంచనా: నెలకు 1,875 రూపాయలు. సెకండ్ హ్యాండ్ ఇంజిన్ 70 వేలు, చరిత్ర తెలియదు కాబట్టి ఏడాదిన్నర మాత్రమే నమ్మదాం: నెలకు సుమారు 3,890. కొత్త ఇంజిన్ 2 లక్షల 20 వేలు, అది ఎంతకాలం మన్నినా బండికి మిగిలిన ఆయుష్షు ఐదేళ్లే అనుకుంటే: నెలకు సుమారు 3,670. చౌకగా కనిపించిన 70 వేల ఇంజినే అన్నిటికంటే ఖరీదైనదిగా తేలింది. అంకెలు మారితే జవాబు మారుతుంది. అందుకే మీ అంకెలు మీరే వేసుకోవాలి. ట్యాక్సీ అయితే బండి ఆగిన రోజుల ఆదాయాన్నీ ఖర్చులో కలపాలి.

బండికి మిగిలిన ఆయుష్షు అన్నది ఇంజిన్ మీదే ఆధారపడదు. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. ఆ తర్వాత పరీక్షకు నిలిచి ఐదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లపై జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆంక్షలు పెట్టింది, 2018లో సుప్రీంకోర్టు వాటిని సమర్థించింది. ఆ తర్వాత వాటి అమలు తీరుపై మార్పులు వస్తూనే ఉన్నాయి. అక్కడ తొమ్మిదేళ్ల డీజిల్ కారుకు కొత్త ఇంజిన్ వేయడమూ, విజయవాడలో అదే వయసు కారుకు వేయడమూ ఒకటి కాదు.

బీమా ఉన్నవాళ్లు రెండు సంగతులు తెలుసుకోవాలి. సాధారణ సమగ్ర పాలసీ వరద నష్టాన్ని భరించినా, తడిసిన ఇంజిన్‌కు తాళం తిప్పడం వల్ల జరిగిన నష్టాన్ని పర్యవసాన నష్టమని తోసిపుచ్చడం పరిపాటి. ఇంజిన్ రక్షణ పేరుతో విడిగా కొనే జోడింపు అందుకే. రెండోది, మరమ్మతు ఖర్చు బండికి పాలసీలో ప్రకటించిన విలువలో 75 శాతం దాటితే దాన్ని సాధారణంగా పూర్తి నష్టంగా లెక్కిస్తారు. ఐదు నుంచి పదేళ్ల బండికి లోహ భాగాలపై 40 శాతం తరుగు కోస్తారు. తరుగు కోత లేకుండా జోడింపు తీసుకుంటే సంగతి వేరు. ఎస్టిమేటులో ‘పూర్తి ఇంజిన్’ అని ఒక్క మాట రాస్తే బండి పూర్తి నష్టం గీత దాటవచ్చు. ‘ఒక రాడ్, ఒక పిస్టన్, బేరింగులు’ అని రాస్తే దాటకపోవచ్చు. ఆ మాటను నిర్ణయించాల్సింది కొలతే కానీ, రాసేవాడి ఇష్టం కాదు.

మారవలసినవి మూడు

మొదటిది, ఇంజిన్ ఎస్టిమేటుతో పాటు కొలతల పత్రం ఇవ్వడం తప్పనిసరి కావాలి. ఒక్క పేజీ చాలు. ఎడమ పక్క కంపెనీ చెప్పిన హద్దు, కుడి పక్క ఈ ఇంజిన్‌లో దొరికిన అంకె. రక్త పరీక్ష కాగితంలో ఉన్నట్టే. చక్కెర ఎంత ఉందో రాయకుండా, “మీకు షుగరు, కాలు తీసేయాలి” అంటే ఒప్పుకోని మనం, ఇంజిన్ దగ్గర ఎందుకు తల ఊపుతాం?

రెండోది, ఆ ఎడమ పక్క అంకెలు వీధి చివరి మెకానిక్‌కూ అందాలి. హద్దు తెలియకుండా కొలత తీసి ఏం లాభం? విడిభాగాలు, మరమ్మతు సమాచారం స్వతంత్ర మెకానిక్కులకు అందకుండా చేశారని కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014లో 14 కార్ల తయారీ సంస్థలను తప్పుపట్టి, వాటిని అందుబాటులో ఉంచాలని ఆదేశించింది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మొదలుపెట్టిన ‘మరమ్మతు హక్కు’ ప్రయత్నంలోనూ వాహన రంగం ఉంది. హక్కు కాగితం మీది నుంచి గ్యారేజీ గోడ మీది పట్టికలోకి రావాలి.

మూడోది, బీమా సంస్థలు ఇంజిన్ విప్పి కొలిచే కూలిని ప్రత్యేకంగా చెల్లించాలి. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న తగువులోనే చాలా ఇంజిన్లు విప్పకుండా తుక్కుకు పోతున్నాయి. వంద కిలోలకు దగ్గరైన లోహాన్ని కరిగించి, పోసి, మళ్లీ మైక్రాన్ల లెక్కన చెక్కి తయారుచేసిన వస్తువు ఇంజిన్. అందులో పాడైనది ఒక్క రాడ్ అయితే మిగతాదంతా తుక్కు చేయడం బీమా సంస్థకూ లాభం కాదు, దేశానికీ కాదు.

కొలతలకు సమయం పడుతుంది, కస్టమరు ఆగడు అని గ్యారేజీ వాళ్లు అంటారు. నిజమే. హెడ్ విప్పి, కడిగి, అన్నీ కొలవడానికి రోజున్నరో రెండు రోజులో పడుతుంది. కానీ ఆ రెండు రోజులు మిగుల్చుకున్నవాళ్లు ఆ తర్వాత నెలల తరబడి గ్యారేజీల చుట్టూ తిరగడం నేను చూశాను.

మా బావమరిది బండి చివరికి ఆటోనగర్‌లో ఒక పెద్దాయన నడిపే లేత్ వర్క్స్‌కు చేరింది. హెడ్ విప్పి డయల్ గేజి పెడితే మూడో పిస్టన్ మిగతా మూడింటికంటే మిల్లీమీటరుకు పైగా కిందనే ఆగుతోంది. “చూశారా మాస్టారూ, ఇంజిన్ పోలేదు, రాడ్ కుంగింది” అన్నాడాయన. క్రాంక్ వంకర లేదు. బోర్లు హద్దులోనే ఉన్నాయి. హెడ్‌లో పగుళ్లు లేవు. రాడ్, ఆ పిస్టన్, రింగులు, బేరింగులు, గ్యాస్కెట్లు మార్చారు. టర్బో విప్పి శుభ్రం చేశారు. ఇంజెక్టర్లను బెంచి మీద పరీక్షించారు. అందులో ఒకటి మార్చాల్సి వచ్చింది. నీళ్లు తాగిన వైరింగుకు విడిగా ఖర్చయింది. అన్నీ కలిపినా సర్వీస్ సెంటర్ చెప్పిన కొత్త ఇంజిన్ ధరలో సగం కాలేదు. బండి మళ్లీ ట్యాక్సీగా తిరుగుతోంది, వాయిదాలు కడుతోంది. ఒకవేళ ఆ డయల్ గేజి క్రాంక్ వంకరగా ఉందని చూపించి ఉంటే, ఇంజిన్ మార్చమనే నేను చెప్పేవాణ్ణి. అప్పుడు కూడా ఆ రెండు రోజులు వృథా అయ్యేవి కావు.

ఈసారి మీకెవరైనా ‘ఇంజిన్ పోయింది’ అంటే కోపం తెచ్చుకోకండి, సంతకమూ పెట్టకండి. ఏం కొలిచారు? ఎంత వచ్చింది, ఎంత ఉండాలి? ఎందుకు ఇలా అయింది? ఈ మూడు ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాసిచ్చినవాళ్ల దగ్గరే బండి వదలండి. వాళ్లు మార్చమన్నా సరే, బాగుచేద్దామన్నా సరే.